హరవిలాసావతారిక – దేశాంతర వాణిజ్యము

శ్రీనాథుడు హరవిలాసమును రాజునకు గాక అవచి తిప్పయసెట్టి యను వర్తకునకు అంకితమొసగెను. కొండవీటి ప్రభువగు కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు పరిమళద్రవ్యముల సమకూర్చిన సెట్టి యితడు. అవతారికలో నితని వ్యాపారమును వర్ణించు సీసపద్యము మిక్కిలి ప్రసిద్ధము. హురుముంజి గుఱ్ఱములు, సింహళపు టేనుగులు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టుబట్టలు అందు వచ్చును. ఈ పద్యము చదివి ఆంధ్రుల నౌకావాణిజ్య ప్రాభవమునకు పొంగిపోని విమర్శకుడు అరుదు. ఆ పొంగులో నొక విషయము మరుగున పడినదని నా తలంపు.

పద్యమందలి క్రియలన్నియు తెచ్చుటను గూర్చినవే. పంపుటను గూర్చినది యొక్కటియు లేదు. తెచ్చిన సరకులును సామాన్యుని యింటికి జేరునవి గావు; అవి రాచనగరుల భోగవస్తువులు. ఈ యేనుగులకును, కస్తూరికిని మారుగా మన తీరమునుండి పోయినదేమి?

ఈ ప్రశ్నకు మోటుపల్లిలో కొంత సమాధానము కలదు. నేడు బాపట్ల జిల్లాలోని పల్లె యగు ఆ రేవున కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనము వేయించెను. గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సొత్తును పూర్వరాజులు బలిమిని గైకొనెడివారనియు, ప్రాణముకంటె ధనమే మిన్నయని కడలికి తెగించిన వర్తకులయెడ దయదలచి, తాను నిర్ణీత సుంకము తప్ప తక్కినదెల్ల విడిచితిననియు ఆ రాజు చెప్పికొనెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. పరదేశి వర్తకుని నమ్మకమే రాజ్యమునకు పెట్టుబడి యని యెరిగిన పాలకుని మాట యిది. ఆ శతాబ్దాంతమున మార్కోపోలో ఈ రాజ్యమును వర్ణించుచు, సాలెపురుగు గూటిని బోలు సన్నని వస్త్రములు ఇచట నేయుదురని వ్రాసెను. శ్రీనాథుని పద్యమునకు కావలసిన రెండవ సగము ఇదియే.

సెట్టికి కావ్యమున దక్కిన గౌరవము అంకితముతో నాగలేదు. తమిళ పెరియపురాణమున చిరుతొండడు వాతాపిని గెలిచిన పల్లవ సేనాని. కన్నడాంధ్రముల శివభక్తి కథలలో నతడు సిరియాలసెట్టి. ఈ మార్పు శ్రీనాథుని కల్పన గాదు, పాల్కురికినాటికే యున్నది. అయినను, వర్తకునకు కృతి యిచ్చుచు ఆ కథను విస్తరించి చెప్పుట యాదృచ్ఛికమని నేననుకొనను. కత్తి పట్టిన భక్తుడు త్రాసు పట్టిన భక్తుడగుట సంఘమున వర్తకుని స్థానము పెరిగినదనుటకు గురుతు. (తమిళనాట స్థిరపడిన మనవారికి ఈ రెండు కథలును పరిచితములే గాన, వారు పోల్చి చూచిన మరికొన్ని విశేషములు తోపవచ్చును.)

1991 తరువాత మన యంగళ్లలో విదేశవస్తువులు పెరిగినకొలది, వాని పట్టికనే అభ్యుదయమని లెక్కించు నలవాటును పెరిగినది. హరవిలాసపు పద్యమును మెచ్చికొను తీరునందును ఆ నలవాటే కనబడుచున్నది. శ్రీనాథుని నిందింప బనిలేదు. కృతిభర్తను పొగడుట అవతారిక ధర్మము. దానిని దేశచరిత్రగా చదువుట మన పొరపాటు. నేతపనివారి స్థితి నెరుగ గోరువారు అవతారికను విడిచి, మగ్గములపై పన్నులను పేర్కొనిన ఆనాటి శాసనములను చూడవలసియుండును.