బుడుగు ఇల్లు, మన ఇల్లు

ముళ్ళపూడి వెంకటరమణ రాసి, బాపు బొమ్మలు వేసిన 'బుడుగు'ను మన సాహిత్య చరిత్రలు హాస్య రచనల పట్టికలోనో, బాలసాహిత్యం పట్టికలోనో చేర్చి ముందుకు సాగుతాయి. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదువుకొన్న విద్యార్థికి ఈ పుస్తకం ఆ పట్టికల్లో ఇమడని ఒక ప్రశ్న వేస్తుంది. వంటింట్లోనూ అరుగుమీదా తప్ప మరెక్కడా వాడని భాషకు, దానిలో దొర్లే చిల్లర ముచ్చట్లకు సాహిత్యంలో చోటు ఉందా? 'మాది ఇంటి తెలుగు, రాయడానికి పనికిరాదు' అని ఇక్కడి విద్యార్థులు అనుకోవడం సాధారణం. ఆ మాటను పరీక్షించడానికి బుడుగుకన్నా అనువైన పుస్తకం అరుదు.

మొదట పుట్టుక సంగతి. బుడుగు 1950ల రెండో సగంలో మద్రాసు నుంచి వెలువడే ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చింది. రమణ (1931–2011) ధవళేశ్వరంలోనూ, బాపు (1933–2014) నరసాపురంలోనూ పుట్టినా, చిన్ననాటి స్నేహం సాగిందీ, పని చేతికి వచ్చిందీ మద్రాసులోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ నగరం తెలుగువారికి పొరుగు రాజధాని అయింది. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు ఉన్న ఊళ్ళో కూర్చొని ఈ ఇద్దరూ తెలుగు ఇంటిని చిత్రించారు. తెలుగుదేశపు నడిబొడ్డున పుట్టిందని మనం అనుకొనే పుస్తకం నిజానికి దాని అంచు అవతల తయారైంది. బాగేపల్లి దాటగానే ఆంధ్ర పొలిమేర కనబడే చోట ఉన్న పాఠకుడు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

బుడుగులో చెప్పుకోదగిన కథ లేదు. అమ్మ, నాన్న, బామ్మ, బాబాయి, పక్కింటివాళ్ళు, ప్రైవేటు మాష్టారు: ఇంతే లోకం. పెద్దవాళ్ళు చేసే పనులకు తనకు తోచిన కారణాలు చెప్పుకొంటూ పోయే కుర్రవాడి మాటలే పుస్తకమంతా. అయితే ఆ కుర్రవాడు తన్ను తాను పిల్లవాడనుకోడు. చిన్న విషయాన్ని పెద్ద గంభీరంగా చెబుతాడు. రమణ హాస్యానికి మూలం అక్కడ ఉంది. బాపు దాన్ని సరిగ్గా పట్టుకొన్నాడు. ఆయన గీసిన పిల్లలు పెద్దమనుషుల ధీమాతో నిలబడతారు. బొమ్మలో నీడలుండవు, వెనుక సామాను బహు తక్కువ. నాలుగైదు గీతల్లో మనిషి, మనిషి మనసులో ఉన్న మాట రెండూ వస్తాయి. రాతలో చెప్పినదాన్నే బొమ్మ తిరిగి చెప్పదు. రాత కుర్రవాడి వైపు నుంచి చూస్తే, బొమ్మ కుర్రవాణ్ణి కాస్త ఎడంగా నిలబడి చూస్తుంది. వాడు తన గురించి ఏమనుకొంటున్నాడో రాతలో వింటాం, వాడెంత ఉన్నాడో బొమ్మలో చూస్తాం. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే నవ్వు పుడుతుంది.

భాష విషయంలో ఒక్క పేరు చాలు. బుడుగు స్నేహితురాలి పేరు సీగాన పెసూనాంబ. శ్రీకాళహస్తి అమ్మవారి పేరు జ్ఞానప్రసూనాంబ. ఆ పేరే పసివాడి నోట ఇలా అయింది. విడదీసి చూస్తే రచయిత ఎంత శ్రద్ధగా విన్నాడో తెలుస్తుంది. శ్రీలోని రేఫ జారిపోయి 'సీ' అయింది. 'జ్ఞ'ను మనం పలికే తీరు గకారానికి దగ్గర కాబట్టి అక్కడ 'గా' మిగిలింది. 'ప్ర' నాలుకకు లొంగక 'పె' అయింది. సంయుక్తాక్షరాలన్నీ విడిపోయినా పేరు మాత్రం ఇంకా ఆనవాలు తెలుస్తూనే ఉంది. పలికినట్టే రాయడం నిర్లక్ష్యంతో చేసే పని కాదని, చెవిని ఎంతో నమ్మితే తప్ప చేయలేని పని అని ఈ ఒక్క పేరు రుజువు చేస్తుంది. ఇంటి తెలుగును రాయడానికి సిగ్గుపడే విద్యార్థి ముందుగా నేర్చుకోవలసిన పాఠం ఇది.

కన్నడ లిపి వచ్చినవారికి బాపు మరొక విధంగానూ ఉపకరిస్తాడు. గ, ద, న, ర, ల, వ వంటి అక్షరాలు రెండు లిపుల్లోనూ చాలా దగ్గర. క, త, శ వంటివి వేరు. అన్నిటికన్నా ఎక్కువగా కనబడే తేడా తలకట్టులో ఉంది: కన్నడంలో అది అడ్డంగా పరచుకొంటుంది, తెలుగులో టిక్కుపెట్టినట్టు పైకి లేస్తుంది. పాఠ్యపుస్తకపు అచ్చులో ఈ తేడా బిగుసుకొని కనబడి కొత్త పాఠకుణ్ణి జంకిస్తుంది. బాపు చేతిరాతలో అదే తలకట్టు ఒరుగుతుంది, అక్షరాలు గీతలాగే కదులుతాయి. బొమ్మ గీసిన చెయ్యే ఆ రాతనూ రాసిందని చూడగానే తెలుస్తుంది. తరువాతి కాలంలో ఆ చేతిరాత కంప్యూటరు అక్షరాలుగా కూడా వచ్చి, పెళ్ళి శుభలేఖల దాకా చేరింది. లిపి అంటే బడి విధించే నియమం మాత్రమే కాదనీ, ఒక మనిషి చేతి అలవాటు కూడా అనీ తెలియడం చదువరికి ధైర్యం ఇస్తుంది.

ఈ ధోరణి బుడుగుతో ఆగలేదు. రమణ చివరి రోజుల్లో రాసిన ఆత్మకథ 'కోతికొమ్మచ్చి' 2009లో పుస్తకంగా వచ్చింది. దానికీ బాపు బొమ్మలే. చిత్తూరు నుంచి శ్రీకాకుళం దాకా పిల్లలకు తెలిసిన చెట్టు ఆట పేరు అది. కన్నడం మాట్లాడే పిల్లలు అదే ఆటను మరకోతి అంటారు. పేరుకు తగ్గట్టు రచన కూడా ఏడాది వరుసను పట్టించుకోక, ఒక జ్ఞాపకం మీంచి మరొక జ్ఞాపకం మీదికి దూకుతుంది. ఈ దూకుడు వెనుక కష్టం ఉంది. తండ్రి పోయాక తల్లితో గడిపిన లేమి, ఆకలి, అప్పు ఆ పుస్తకంలో అడుగడుగునా కనబడతాయి. వాటిని వరుసగా చెబితే విషాద చరిత్ర అయ్యేది. కొమ్మ మీంచి కొమ్మకు దూకుతూ చెప్పడం వల్ల ప్రతి కష్టం పక్కనా ఒక చిన్న సంతోషానికి చోటు దొరికింది. చిల్లర ముచ్చట్లు కష్టాన్ని కప్పిపుచ్చుతాయనే విమర్శకు ఈ పుస్తకమే సమాధానం.

ఇంత మెచ్చుకొన్నాక లోటు కూడా చెప్పాలి. బుడుగు ఇల్లు ఒకే రకం ఇల్లు: చదువుకొన్న, ఉద్యోగస్థుల, కోస్తా యాస ఉన్న ఇల్లు. అక్కడి బామ్మ మనకు అవ్వ. అక్కడి బంగాళాదుంప మనకు ఉర్లగడ్డ, ఉల్లిపాయ ఎర్రగడ్డ, వేరుశనగ చెనక్కాయ. రాగి ముద్ద తినే ఇల్లు, చేనుకు పోయే తల్లి, పట్టుపురుగుల తట్టల మధ్య పెరిగే పిల్లవాడు ఆ పుస్తకంలోకి రారు. ఆడవాళ్ళ విషయమూ ఉంది. పక్కింటి పిన్నిగారి గుర్తు ఆమె లావు, సీత గుర్తు ఆమె రెండు జెడలు. పసివాడి చూపు అలాగే ఉంటుందని సమర్థించవచ్చు. కాని వాడు ఆ గుర్తులను నేర్చుకొన్నది పెద్దల దగ్గరే. ఈనాటి పాఠకురాలికి అక్కడ నవ్వు తగ్గితే, ఆ తగ్గడం న్యాయమే.

ఈ లోటు వల్ల పుస్తకాన్ని పక్కన పెట్టాలని అనడం లేదు. దాని పద్ధతిని తీసుకొని, దాని ఇంటిని అక్కడే వదిలి రావాలి. అలా వచ్చినవారు ఉన్నారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'లో తిరుపతి పక్కపల్లె ఇంటిని ఆ ఇంటి యాసలోనే పెట్టాడు. ఆ మాట చింతామణి పాఠకుడికి కోస్తా తెలుగుకన్నా దగ్గర. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'లో పులికాటు సరస్సు ఒడ్డున, అవ్వాతాతల నీడలో పెరిగే పిల్లవాడి తెలుగును అక్షరంలోకి తెచ్చాడు. ఇంకా వెనక్కి పోతే చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకొంటూ తెలుగులో తత్వాలు పాడిన నారాయణ తాతయ్య ఉన్నాడు. ఆయన పాడిన తెలుగు రాజాస్థానాల తెలుగు కాదు.

కాబట్టి సరిహద్దున చదువుకొనే విద్యార్థికి బుడుగును ఆదర్శంగా కాక కొలతగా ఇవ్వడం మంచిది. ఒక ఇంటిని, అందులో పలికే ఒక్కొక్క మాటను ఎంత దగ్గరగా వింటే అది పుస్తకం అవుతుందో ఆ కొలత చెబుతుంది. తరువాత ఆ విద్యార్థి వినవలసింది తన ఇంట్లో అవ్వ ఎర్రగడ్డలు తరుగుతూ అనే మాటను. దాన్ని దిద్దకుండా, పలికినట్టే కాగితం మీద పెట్టి చూడాలి. పక్కన నాలుగు గీతల బొమ్మ కుదిరితే ఇంకా మేలు.