జ్ఞాపకము లేని స్వీయచరిత్రము

స్వీయచరిత్రమునకు జ్ఞాపకమే మూలధనము. ఆ మూలధనము లేకయే వ్రాయబడినది సుసన్నా కాహలన్ అను అమెరికా పత్రికారచయిత్రి 2012లో ప్రకటించిన ‘బ్రెయిన్ ఆన్ ఫైర్’.

2009లో, న్యూయార్కు నగరమున, 24 ఏండ్ల ప్రాయమున నీమెకు చిత్తము చెదరెను. ఇంట నల్లులున్నవను భ్రమ, ఎడమచేత తిమ్మిరి, ఆత్మీయులపై ననుమానము, పిదప మూర్ఛలు. తుదకు కొయ్యబాఱి పలుకుడిగెను. పరీక్షలలో పెక్కింట దోషము కానరాలేదు. ఒక వైద్యుడు మద్యపానమే హేతువనెను. అప్పుడు డాక్టరు సుహేల్ నజ్జార్ ఆమెచేత గడియారపు బొమ్మ గీయించెను. 12 అంకెలును కుడివైపుననే క్రిక్కిఱిసి, ఎడమసగము శూన్యముగా నుండెను. మెదడు కుడిభాగమున వాపు కలదని ఆ కాగితము సూచించెను. తరువాతి పరీక్షలు దానిని స్థిరపఱచెను. శరీరరక్షణకై పుట్టు యాంటీబాడీలు మెదడులోని ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకములపై తిరుగబడుటయే యీ రోగము. ఆటోఇమ్యూన్ ఎన్సెఫలైటిస్ అను వ్యాధివర్గములో నిది యొకటి. జోసెప్ దల్మావ్ బృందము దీనిని గుర్తించి ప్రకటించినది 2007లోనే. చికిత్సచే నామె కోలుకొనెను.

ఆసుపత్రిలోని నెల ఆమెకు జ్ఞప్తి లేదు. కావున వైద్యపత్రములను, తండ్రి దినచర్యను, విడిపోయిన తలిదండ్రులు బిడ్డకొఱకు కలసి వ్రాసిన పుస్తకమును, ఆసుపత్రివారు తీసిన చలనచిత్రములను సాక్షులుగా నిలిపి, తన కథను తానే విచారించెను. ఈ నిష్పాక్షికతయే గ్రంథమునకు ప్రాణమని మా యభిప్రాయము.

అయినను నొక లోపము చెప్పక తప్పదు. ‘ఇది పిచ్చి కాదు, మెదడు రోగము’ అని తేలగానే గ్రంథము ఊరట చెందును, చదువరియు నట్లే. ఆ యూరటలో నొక యన్యాయము దాగియున్నది. పరీక్షకు దొరకిన బాధకు గౌరవము, దొరకని బాధకు అవమానమునా? ఈ ప్రశ్నకు దగ్గఱి విచారణనే రచయిత్రి తన 2019 నాటి ‘ది గ్రేట్ ప్రెటెండర్’లో చేపట్టుట మాకు సంతోషము కలిగించినది.

ఈ రోగ మరుదు. ప్రతి మనోవ్యాధియు నిది కాదు. కాని నిన్నటివఱకు చక్కగా నున్న పిల్ల కొలది దినములలో మాటతీరు మాఱి, మూర్ఛిల్లినచో, ‘గాలి సోకిన’దని భూతవైద్యుని పిలుచు గృహములు మనలో నింకను గలవు. అట్టి యిండ్లవారు ముందుగా నరముల వైద్యుని యొద్దకు పోవలెను. కాహలన్‌ను బ్రదికించినది గడియారపు బొమ్మ మాత్రమే కాదు. తమ బిడ్డ యిట్టిది కాదని పట్టు విడువక, దినదినము ప్రక్కన కూర్చుండి వ్రాసికొనిన తలిదండ్రులు కూడ.