‘రైతు’ భావన: భావచట్రాల అస్థిరత, క్షీణతలపై ఒక పరిశీలన

1. సమస్య

ఒక భావచట్రానికి కాలం చెల్లిందని ప్రకటించడం తేలిక. అది ఏ దశలో, ఏ కారణంచేత వివరణశక్తిని కోల్పోయిందో నిర్ధారించడం కష్టం. అభ్యుదయ, విప్లవ, స్త్రీవాద, దళితవాద ధోరణులను వరుసగా పేర్చే సాహిత్య చరిత్రలు చాలావరకు పాతదాని స్థానంలో కొత్తది వచ్చిందని చెప్పి ఊరుకుంటాయి. పాతది ఎక్కడ బీటలు వారిందో పరిశీలించవు. ‘రైతు’ అనే భావన ఆధారంగా ఆ పరిశీలన చేయడం ప్రస్తుత వ్యాస లక్ష్యం. ఇందుకు పొన్నూరు, దాని చుట్టూ ఉన్న గుంటూరు, ప్రకాశం మైదానాలు తగిన క్షేత్రం.

2. చట్రం నిర్మాణం

పొన్నూరు పురపాలకంలో భాగమైన నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా (1900-1995) స్వస్థలం. 1930లలో ఆయన అక్కడ నడిపిన రైతాంగ విద్యాలయం ఉద్యమ కార్యకర్తలను తయారుచేసింది. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి. ఈ దశలో ‘రైతు’ అంటే జమీందారు చేతిలోనూ, వడ్డీవ్యాపారి చేతిలోనూ నలిగే ఉత్పత్తిదారు. ఎదుట జమీందారు నిలిచినంతకాలం సన్నకారు రైతు, పెద్ద కమతందారు, కూలి ఒకే పక్షంగా కనిపించారు.

ఆ ఐక్యతకు ఆధారం బయటి ప్రత్యర్థి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ ప్రత్యర్థి తొలగిపోయాడు. రంగా 1951లో కృషికార్ లోక్ పార్టీని స్థాపించారు. 1959లో స్వతంత్ర పార్టీ తొలి అధ్యక్షుడై సహకార వ్యవసాయ విధానాన్ని వ్యతిరేకించారు. పదం మారలేదు, ప్రత్యర్థి స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. ‘రైతు’ అంటే దున్నేవాడన్న అర్థం వెనకబడి, భూమిపై హక్కు గలవాడన్న అర్థం ముందుకు వచ్చింది.

3. క్షీణత లక్షణాలు

ఈ పగులును రాజకీయాల కంటే ముందుగా నవల గుర్తించింది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)లో ప్రధాన సంఘర్షణ కమతందారు చౌదరయ్యకూ, అతని వద్ద పనిచేసే సంగదాసుకూ నడుమ సాగుతుంది. సంగదాసు చౌదరయ్య చేతిలో మరణిస్తాడు. చౌదరయ్య కూడా రైతే. ఈ హత్యను అతని వ్యక్తిగత క్రౌర్యంగా చదివితే చట్రం క్షేమం. కూలికీ కులానికీ ఉన్న సంబంధం నుంచి పుట్టిందిగా చదివితే చట్రం నిలవదు. నిర్మాణగతమైన వైరుధ్యాన్ని వ్యక్తిదోషంగా కుదించడం క్షీణతకు మొదటి లక్షణం. విజ్ఞానశాస్త్ర తాత్త్వికుడు ఇమ్రె లకటోష్ పరిభాషలో ఇది కొత్త విషయాలను కనుగొనలేక, ఉన్న సిద్ధాంతాన్ని కాపాడుకోవడానికే సవరణలు చేర్చుకునే దశ.

రెండవ లక్షణం, ప్రధాన సంఘటనలు చట్రం పరిధి వెలుపల జరగడం. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. తక్షణ వివాదం తాగునీటి చెరువు దగ్గర పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులయ్యారు. తెనాలి నుంచి బాపట్ల వైపు సాగే రైలుమార్గంలో నిడుబ్రోలు కంటే ముందు వచ్చే ఊరు అది. అక్కడి వివాదానికి సినిమాహాలులో కాలు తగలడం నెపమైంది. శిస్తు, గిట్టుబాటు ధర, కూలిరేటు అనే మాటలతో ఈ ఘటనలను వివరించడం సాధ్యం కాలేదు.

మూడవ లక్షణం, చట్రం ఎవరి తరఫున మాట్లాడుతున్నానన్నదో వారు వేరే పేరుతో మాట్లాడడం. ‘చిక్కనవుతున్న పాట’ (1995) సంకలనం, జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) నవల ఇందుకు సాక్ష్యాలు. వీటిలో శ్రమజీవి తన కులచరిత్రతో సహా ప్రవేశిస్తాడు.

4. అస్థిరత వేరు, క్షీణత వేరు

పై లక్షణాలను కొత్త చట్రాలకూ వర్తింపజేయాలి. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా, ‘దళిత’ అనే ఏకపదం లోపలి అసమానతలను ప్రశ్నించింది. దీన్ని దళితవాద పతనంగా భావించడం పొరపాటు. డప్పు, లంద, చెప్పు కేంద్రంగా సాగిన మాదిగ సాహిత్యం ఆ భావనను మరింత సూక్ష్మం చేసింది. చట్రం కదిలింది, వివరణశక్తి పెరిగింది. కాబట్టి అస్థిరతను మాత్రమే క్షీణతకు కొలమానంగా తీసుకోరాదు. లోపలినుంచి వచ్చిన ప్రశ్నతో చట్రం పదును తేలిందా, ఆ ప్రశ్నను ద్రోహంగా చూసిందా అన్నదే కొలమానం.

5. ముగింపు

వివరణశక్తి తగ్గిన భావన వాడుకలోంచి తొలగిపోదు. భావోద్వేగంగా, పరిపాలనా పదంగా కొనసాగుతుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతుల ఆత్మహత్యలు ఈ ప్రాంతాన్ని కుదిపివేశాయి. భూమి లేకుండా కౌలుకు సాగుచేసేవాడు ‘రైతు’ అవునా కాదా అన్న ప్రశ్న 2011 నాటి సాగుదారుల చట్టంతోనూ, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టంతోనూ తీరలేదు. 2019 చట్టం సాగుహక్కు పత్రానికి భూయజమాని సమ్మతిని తప్పనిసరి చేసింది. అది లేనివాడు చేలో రైతు, కాగితంలో ఎవరూ కాడు. అతనికి బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అందడం ఈ పదానికి ఇచ్చే అర్థంపై ఆధారపడి ఉంది. రైతు సాహిత్యాన్ని విమర్శకులు సానుభూతి వస్తువుగా వర్గీకరించడంతో ఆగక, ప్రతి రచనలోనూ ‘రైతు’ అనే పదం ఎవరిని లోపలికి రానిచ్చింది, ఎవరిని గట్టుమీదే నిలిపింది అని అడగవలసి ఉంది.