వంగి ఆడే ఆట

హాకీ నేర్పేటప్పుడు పీఈటీ సార్లం మేం ముందు బంతిని ఆపడం నేర్పుతాం. కొట్టడం తర్వాత. ఎడమ చెయ్యి కర్ర పైకొసన, కుడి చెయ్యి మధ్యలో, మోకాళ్లు ముడిచి, నడుం వంచి, కర్రను దాదాపు నేల మీద పడుకోబెట్టాలి. కర్రకు ఒకవైపే చదును. ఆ వైపే బంతికి తగలాలి, గుండ్రటి వీపు తగిలితే ఫౌల్. పాలమూరు మొరం నేల మీద ఇది మరీ కష్టం. చక్కగా దొర్లుతూ వస్తున్న బంతి చివరి రెండడుగుల్లో ఏ గులకరాయినో తన్ని పైకి లేస్తుంది. నూట అరవై గ్రాముల గట్టి బంతి అది. మోకాలి చిప్పకు తగిలితే ఆ పూటకు ఆట బంద్. అందుకే ఈ నేల మీద నేర్చుకున్న పిల్లలు బంతి కర్రకు ఆనేదాకా దాని మీంచి చూపు తీయరు. నున్నటి టర్ఫ్ మీద మొదలుపెట్టిన పిల్లలకు ఈ అలవాటు రావడానికి చాలా కాలం పడుతుంది.

ఈ వారం హాకీ గురించి రాస్తానంటే ఒక మిత్రుడన్నాడు: "పిల్లలు ఆడుకుంటరు, అమ్మానాయినలు చూసుకుంటరు. నడుమ మనకేం పని?" ఎగతాళికి అన్న మాట కాదది. చాలామంది మనసులో ఉన్నదే ఆయన పైకి అన్నాడు. కాబట్టి నిదానంగానే జవాబు చెప్పాలి.

ముందు మోకాళ్ల సంగతి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు తరాలకు తరాలు వంగలేకపోయాయి. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లుండేది. ముందు పళ్లకు గార పట్టేది. తర్వాత కీళ్లు బిగుసుకునేవి, కాళ్లు వంకర తిరిగేవి. బడికి వచ్చిన పిల్లలు ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చునేవాళ్లు. నీళ్ల కోసం ఆ ప్రాంతం చేసిన కొట్లాట చిన్నది కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్లగొండ స్థానానికే 480 మంది బరిలో నిలిచారు. జలసాధన సమితి పిలుపు అందుకుని నామినేషన్ వేసిన మామూలు జనమే వాళ్లలో ఎక్కువ. బ్యాలెట్ కాగితాన్ని పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ తాగునీటి పథకం పైలాన్ లేచింది. కృష్ణా నీళ్లు ఆ ఊళ్ల నల్లాల్లోకి చేరాయి.

ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లవాడు ఇవాళ మోకాళ్లు ముడిచి, నడుం వంచి బంతి ఆపుతున్నాడు. ఆ మోకాళ్లను వాడికిచ్చింది కన్నవాళ్లొక్కరే అని నేననుకోను. తమకు ఏ సీటూ రాదని తెలిసీ డిపాజిట్ కట్టిన మనుషులు కూడా ఇచ్చారు.

ఇక అమ్మానాయినలు చూసుకుంటారన్న మాట. చూసుకోవడానికి వాళ్లు ఊళ్లో ఉండాలి కదా. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికో పుణెకో కూలికి పోయినవాళ్ల ఇళ్లలో పిల్లలకు అవ్వే దిక్కు, లేకపోతే హాస్టల్. మేం టీమును మండల పోటీలకు తీసుకుపోతుంటే అలాంటి ఒక అవ్వ బస్సు దగ్గరికి వచ్చింది. చేతిలో యూరియా సంచి, అందులో మనవడి కర్ర, రెండు పాత మేజోళ్లు. మేజోళ్ల లోపల అట్టముక్కలు కత్తిరించి తనే దోపింది, పిక్కలకు దెబ్బ తగలకుండా. "సారూ, గీ కట్టె ఆటల వీని కాలు ఇరగకుండ జూడుండ్రి. ఇరిగితే బొంబాయికి ఫోను జెయ్యాల్సింది నేనే" అంది. కండక్టర్ కర్రలన్నీ పోగుచేసి తన సీటు వెనక నిలబెట్టాడు. ఆ రోజు ఆ పిల్లవాడు ఆడాడంటే అవ్వ, కండక్టర్, హాస్టల్లో ముందే బువ్వ వండిపెట్టిన వంటమనిషి, వీళ్లంతా కలిస్తేనే ఆడాడు. తండ్రి ఎక్కడో సెంట్రింగ్ పని మీద ఉన్నాడు. గెలిచిన సంగతి ఆయనకు రాత్రి ఫోన్లో తెలిసింది.

పట్నంలో లెక్క వేరు. ఫీజు కట్టాలి, కిట్ కొనాలి, బండి మీద దింపాలి. మోసేది కన్నవాళ్లే కాబట్టి లైను పక్కన నిలబడేదీ వాళ్లే. అక్కడొకటి గమనించాను. బంతి పోగొట్టుకున్న పిల్లవాడు వెంటనే వెనక్కి ఉరకాలి. ఉరకడు. ముందు తల తిప్పి నాన్న ముఖం చూస్తాడు. ఆ ఒక్క క్షణంలో ఎదుటివాడు ఇరవై గజాలు దాటిపోతాడు. ఊరి జనం నిండిన గ్రౌండులో ఈ జబ్బు తక్కువ. అక్కడ పక్క బడి పిల్లలు, చాయ్ అమ్మేటాయన, అటుగా గొర్లు తోలుకుపోతూ ఆగిన మనిషి, అందరూ అరుస్తుంటారు. ఆ గోలలో నాన్న ముఖం విడిగా కనబడదు. పిల్లవాడు బంతి వెనకే ఉరుకుతాడు.

ఊరు ఆటను తనదనుకుంటే ఏమవుతుందో ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాను చూస్తే తెలుస్తుంది. అక్కడి ఆదివాసీ పల్లెల్లో హాకీ పోటీ పెడితే బహుమతి మేకపోతు. గెలిచిన ఊరు కోసుకుని కలిసి తింటుంది. ఆ జిల్లాలోని సౌనామారా అనే ఒక్క పల్లె నుంచే దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్, సుభద్రా ప్రధాన్ దేశానికి ఆడారు. ఒడిశా ప్రభుత్వం జాతీయ జట్లకు స్పాన్సర్‌గా నిలిచింది 2018లో, రూర్కెలాలో పెద్ద స్టేడియం తెరిచింది 2023లో. పల్లెలు మేకపోతు కోసం ఆడటం అంతకు చాలా ముందటిది.

మన దగ్గర మనుషులు లేకపోలేదు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో దిలీప్ తిర్కీతో పాటు హైదరాబాద్ ముకేశ్ కుమార్ ఉన్నాడు. ఆయన మూడు ఒలింపిక్స్ ఆడాడు. 2017లో ఆసియా కప్ గెలిచిన మహిళల జట్టు గోల్‌కీపర్లలో ఒకరు అప్పటి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎతిమరపు రజని. వాళ్ల వెనక వరస కట్టాల్సిన పిల్లలకే చోటు లేదు.

చట్టంలోనైతే చోటు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. వంద మంది దాటిన ప్రాథమికోన్నత బడికి వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ని పెట్టమంటుంది. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణం బోర్డులు లేచాయి. కొన్నింట్లో పిల్లలు వాలీబాల్ ఆడుతున్నారు. కొన్నింట్లో సర్కారు తుమ్మ మొలిచింది. ఆ తుమ్మ కొట్టించమని పంచాయతీని అడగాల్సింది ఎవరు? పిల్లలు అడగలేరు. తల్లిదండ్రులు ఊళ్లో లేరు. ఆడపిల్లల సంగతైతే మరీను. పొద్దుగూకితే గ్రౌండులో దీపం ఉండదు, దీపం లేదని ఇంటివాళ్లు పంపరు. ఆ ఒక్క స్తంభానికి బల్బు పెట్టించే పని ఊళ్లో ఎవరైనా చేయవచ్చు.

నా ఆలోచన ఇది. బొంబాయి పోయినవాళ్లు సుత దసరాకు ఊరికి వస్తారు. ఆ సెలవుల్లో నాలుగైదు ఊళ్లు కలిసి ఐదుగురి హాకీ పోటీ పెట్టుకోవాలి. దీనికి పెద్ద గ్రౌండుతో పని లేదు, మామూలు హాకీ స్థలంలో సగం చాలు. 2018 యూత్ ఒలింపిక్స్‌లో మన బాలురు, బాలికలు ఈ పద్ధతిలోనే రెండు రజతాలు తెచ్చారు. పదిమంది పిల్లలుంటే బడికి రెండు టీములు అవుతాయి. బహుమతికి పొట్టేలు. గెలిచిన ఊరు, ఓడిన ఊరు ఒక్క బంతిలో కూర్చుని తినాలి. అంపైరింగ్‌కు చుట్టుపక్కల పీఈటీ సార్లం వస్తాం, పైసా తీసుకోం.

దానికి ముందు ఒక ఆదివారం పని ఉంది. గ్రౌండులో రాళ్లేరాలి, తుమ్మ మొద్దులు పీకాలి, ట్రాక్టరుతో ఒక సాలు గొర్రు తోలి నీళ్లు చల్లి రోలర్ తిప్పాలి. గోల్ పోస్టులకు ఆరు వెదురు బొంగులు చాలు. ట్రాక్టరున్నవాళ్లు తమ ఊరి బడి సారుకు ఈ వారంలోనే ఒక మాట చెప్పండి. మొదటి మ్యాచ్ పొద్దున ఏడింటికి, ఎండ ముదరక ముందే.