పేరు మార్చుకొన్న పితామహుడు

వంశచరిత్రను వెదకువారికి కలుగు నిరాశలలో పెద్దది, పూర్వుని పేరు పూర్వుని ఊరిలోనే కానరాకుండుట. నార్వే దేశమునుండి అమెరికాకు వలసపోయినవారి సంతతికి ఈ నిరాశ తరచుగా కలుగుచుండును. తాత హోల్మ్, తండ్రి హోల్మ్, తాము హోల్మ్. కాని నార్వేలోని చర్చి పుస్తకమును తెరచి చూడగా హోల్మ్ అను పేరుగల శిశువు ఆ సంవత్సరమున జన్మింపనే లేదు! అంతట, తాత యేదో తప్పుచేసి పేరు దాచుకొని వచ్చెనని యొకరును, ఎల్లిస్ ద్వీపములోని గుమాస్తా పేరు చెడగొట్టెనని యొకరును కథ లల్లుదురు. ఆ ద్వీపముననున్న కార్యస్థానము తెరవబడినది 1892లో. అచ్చటి గుమాస్తాలు ఓడ బయలుదేరినచోట వ్రాయబడిన జాబితాలతో సరిచూచుకొనువారే గాని క్రొత్త పేర్లు పెట్టువారు కారు. తాత నేరస్థుడనుటకును సామాన్యముగ ఆధారముండదు. మరి పేరు మారుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు దఫ్తరములకంటె చక్కగా ఉత్తరము చెప్పు నవల యొకటి కలదు. దానినిగూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఆ నవల ఓలె ఎడ్వర్ట్ రోల్వోగ్ రచించిన 'జైంట్స్ ఇన్ ది ఎర్త్'. ఇది మొదట నార్వే భాషలో 1924, 1925 సంవత్సరములందు రెండు భాగములుగ వెలువడి, 1927లో ఆంగ్లమున ప్రకటితమాయెను. గ్రంథకర్త 1876లో నార్వే ఉత్తరభాగమునందలి డొన్నా దీవిలో బెస్తల కుటుంబమున జన్మించి, 1896లో అమెరికా చేరి, పిదప సెయింట్ ఓలాఫ్ కళాశాలలో ఉపాధ్యాయుడై 1931లో మరణించెను. పేర్ హాన్సా అను బెస్తవాడు భార్య బేరెట్‌తోను, పిల్లలతోను 1873లో డకోటా పచ్చికబయళ్లకు చేరి, మట్టిపెడ్డలతో ఇల్లు కట్టి, నేల దున్నుట యిందలి కథ. అతడు ఆశామూర్తి, ఆమె భయమూర్తి. చెట్టు చేమ లేని ఆ మైదానమున దాగుటకు చోటులేదని ఆమె మనస్సు చలించును.

నామవిషయమును గ్రహించుటకు ముందు నార్వేవారి ఆచారము తెలియవలెను. తద్ధిత ప్రకరణమును బోధించునపుడు మేము విద్యార్థులకు చెప్పు ఉదాహరణము ఇచట ఉపకరించును. దశరథుని కుమారుడు దాశరథి. కాని దాశరథి కుమారుడగు కుశుడు దాశరథి కాడు. రాఘవశబ్దమన్ననో రఘువంశమున పుట్టిన వారికెల్లరకు చెల్లును. నార్వే పల్లెలలో వాడుకయందున్నది దాశరథి వంటి పేరే. హాన్స్ కుమారుడు హాన్సెన్. అతని పేరు ఓలె యైనచో అతని కుమారుడు ఓల్సెన్. తరతరమునకు మారు ఈ పేరును వంశనామ మనుటకు వీలులేదు. కుమార్తె హాన్స్‌డాటర్. వివాహమైన పిదపను పల్లెలలో ఆమె తండ్రిపేరే నిలిచియుండెడిది. దీనికితోడు కాపురముండు క్షేత్రముయొక్క పేరు చేర్చుకొనెడివారు. హౌగెన్ క్షేత్రమున నున్నంతకాలము ఓలె హాన్సెన్ హౌగెన్. బాకెన్ క్షేత్రమునకు మారినచో ఓలె హాన్సెన్ బాకెన్. మన ఇంటిపేర్లలోను పెక్కు గ్రామనామములే. కాని మనవాడు ఊరు విడిచినను ఊరిపేరు విడువడు. వారిలో ఊరు విడిచినంతనే ఆ పేరు రాలిపోవును. అది వంశచిహ్నము కాదు, చిరునామా మాత్రమే.

ఇట్టివారికి అమెరికా ప్రభుత్వము రాఘవశబ్దము వంటి స్థిరనామము కావలెననెను. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము ననుసరించి 160 ఎకరముల నేలను ఐదేండ్లు సాగుచేసినవానికి పట్టా దొరకును. పట్టాపై నిలుకడగల పేరుండవలెను గదా! నవలలో ఈ ప్రసక్తి వచ్చినపుడు పేర్ హాన్సా హోల్మ్ అను పేరును, అతని మిత్రుడు హాన్స్ ఓల్సా వోగ్ అను పేరును స్వీకరింతురు. పేర్ హాన్సాకు అది పండుగవలె నుండును. బేరెట్‌కు మాత్రము, జ్ఞానస్నానమునాడు దైవసన్నిధిని పొందిన పేరును పాతచొక్కావలె విడిచివేయుట మహాపాపముగ తోచును.

ఇచట రచయిత చెప్పక చెప్పిన సంగతి యొకటి కలదు. నార్వే భాషలో హోల్మ్ అనగా చిన్నలంక. వోగ్ అనగా సముద్రపు పాయ. సముద్రమునకు వందలకొలది క్రోసుల దూరమున, నీటిబొట్టు కొరకు బావులు త్రవ్వుచు, ఈ బెస్తవారు తమకు లంకయనియు, పాయయనియు పేర్లు పెట్టుకొనిరి! పేరు మార్చుకొన్నవాడు పుట్టినచోటును మరచెనని యెవరనగలరు? గ్రంథకర్తయు బాల్యమున పెడర్సెన్. తాను పుట్టిన రోల్వోగ్ తావు పేరును పిదప ఇంటిపేరుగ గైకొనెను. హాన్స్ ఓల్సా పొందిన వోగ్ గ్రంథకర్త పేరులోనే యున్నది. బేరెట్ దుఃఖమును వ్రాసినవాడు తానును పేరు మార్చుకొన్నవాడే. కావుననే ఈ ఘట్టమున భర్త యుత్సాహమును, భార్య దుఃఖమును రెండును సత్యములై భాసించుచున్నవి.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. ఈ దుఃఖమునంతయు మతి చలించిన స్త్రీ నోట నుంచుటచే, తొందరపడు పాఠకుడు దానిని వ్యాధిలో భాగముగ నెంచి తోసివేయును. ఇది అన్యాయము. నామపరివర్తనమున అధికముగ నష్టపోయినది స్త్రీయే. పురుషుడు తనకు నచ్చిన పేరు తానెంచుకొనెను. ఆమెకు తండ్రి నామమును పోయి, తానెన్నుకొనని పేరు వచ్చి తగిలెను. పట్టా పురుషునిది, మూల్యము స్త్రీది. రచయిత ఈ మాటను తేటగా చెప్పియుండవలసినది. తరువాతి సంపుటమగు 'పెడెర్ విక్టోరియస్'లో బేరెట్ మనస్సు కుదుటపడి, భర్త పోయిన పిదప వ్యవసాయమును సమర్థతతో నడపుచు, నార్వే భాషకై కుమారునితో పెనగులాడును. అప్పుడుగాని మొదటి సంపుటములోని ఆమె మాట యెంత వివేకవంతమో తెలియదు.

ఈ నవలను చదివిన వంశాన్వేషకుడు వెదకు మార్గమును మార్చుకొనును. హోల్మ్ ఎక్కడ నని యడుగక, ఏ తండ్రి కుమారుడు, ఏ క్షేత్రమువాడు, ఏ పారిష్‌వాడు, ఏ దినమున పుట్టెను అని యడుగును. అమెరికాలోని నార్వే లూథరన్ సంఘముల పుస్తకములందు జన్మస్థానము తరచుగ వ్రాయబడియుండును. నార్వేలో 1801, 1865 మొదలగు సంవత్సరముల జనాభా లెక్కలును, వలసపోవువారిని పోలీసులు వ్రాసికొన్న పట్టికలును, క్షేత్రముల వరుసను కూర్చిన గ్రామచరిత్రలును కలవు. పెద్దకుమారునకు తండ్రితండ్రి పేరు పెట్టు ఆచారము కొంత దారి చూపును. జ్ఞానస్నాన సాక్షుల పేర్లు మరికొంత చూపును.

బేరెట్ పోయినదని యేడ్చిన ఆ పద్ధతి స్వదేశమునను నిలువలేదు. 1923లో నార్వే ప్రభుత్వము స్థిరమైన ఇంటిపేరు ఉండితీరవలెనని శాసించెను. కావున పేరు మార్చుకొన్న పితామహుని ద్రోహిగ నెంచుట తగదు. ఒరుల నేలపై కూలిచేయువాడు ఆ నేలపేరు మోసి, నేల విడిచినపుడు దానిని దింపుకొనెడివాడు. తన నేలను తాను దున్ని, తన పేరు తాను పెట్టుకొన్ననాడు అతడు తొలిసారి స్వతంత్రుడాయెను. మనుమడు వెదకవలసినది ఆ స్వాతంత్ర్యముయొక్క మూలమును. దానితోపాటు, పట్టాపై పేరెక్కని అవ్వ యే తండ్రి కుమార్తెయో ఆ సంగతిని. రెండవదానిని వెదకనివాని వంశవృక్షము సగము కొమ్మలు నరకబడిన చెట్టని మా అభిప్రాయము.