ముందు ఇను

మా నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో ఫిట్టరు. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. ప్లాంటులో ఆయన పని నేను చూడలేదు గానీ, ఎండాకాలం ఇంట్లో కూలరు బయటికి తీసిన రోజున చూసేవాణ్ణి. మోటారు ఆన్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని బేరింగు దగ్గర పెట్టి, పిడిని చెవికి ఆనించేవాడు. అర నిమిషం కళ్ళు మూసుకునేవాడు. తర్వాత తీర్పు: "ఈ ఏడు లాగించీవచ్చు."

"ఏం వినబడింది నాన్నా?" అని మధ్యలో అడిగితే కసిరేవాడు. "ముందు ఇను. తరవాత మాటాడు. బాగున్నప్పుడు ఎలాగుంటాదో తెలిస్తేనే గదా, పాడైనప్పుడు తెలిసీది!"

ఇన్నేళ్ళకి ఆ మాట మళ్ళీ చెవిన పడింది, మా క్వార్టరు వెనక మామిడి చెట్టు కింద. ఆ చెట్టుకి నేనిప్పుడు ఒక రికార్డరు కడుతున్నాను. పేరు ఆడియోమాత్. అరచేతిలో పట్టే సర్క్యూటు బోర్డు, మూడు పెన్సిల్ బ్యాటరీలు, ఒక మెమరీ కార్డు, అంతే. సాయంత్రం కట్టి, పొద్దున విప్పుతాను. శాస్త్రజ్ఞులు దీన్ని పాసివ్ అకౌస్టిక్ మానిటరింగ్ అంటారు. పిలవకుండా, వెంటపడకుండా, లైటు వేయకుండా, అడవి తన మానాన తాను మాట్లాడుకుంటుంటే విని రాసిపెట్టుకోవడం.

మొదటి రాత్రి వాన భయంతో దాన్ని వదులుగా ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి కట్టాను. పొద్దున వింటే తొమ్మిది గంటల పాటు పరపర, పరపర. గాలికి కవరు చేసిన సంగీత కచేరీ అది. కవరు బిగుతుగా ఉండాలనీ, చుట్టుపక్కల ఆకు తగలకూడదనీ ఆ రాత్రి నేర్పింది.

ధ్వనిని సెకనుకి 48,000 సార్లు కొలిచేలా పెడితే గంటకి దాదాపు 345 మెగాబైట్లు నిండుతాయి. పిట్టలకి అది చాలు. గబ్బిలాలు కావాలంటే చాలదు. వాటి కేకల్లో చాలావరకు మన చెవికి అందే 20,000 హెర్ట్జ్ కన్నా పైనే ఉంటాయి, ఎంత పై స్థాయి పట్టాలంటే కొలతలు దానికి రెట్టింపు ఉండాలి. ఈ చిన్న బోర్డు 3,84,000 దాకా వెళ్తుంది. కార్డు నిండడం, బ్యాటరీ అయిపోవడం కూడా అంతే జోరుగా ఉంటాయి.

ఇన్ని గంటలు కూర్చుని వినలేం కాబట్టి, ముందు ధ్వనిని బొమ్మగా మార్చి చూస్తాం. అడ్డంగా కాలం, నిలువుగా స్థాయి. మా ఇంటి బొమ్మలో అడుగున ఎప్పుడూ ఒక మందపాటి చార ఉంటుంది. అది ప్లాంటు హోరు. గూడ్సు బండి హారను ఒకదానిపై ఒకటి పేర్చిన గీతలు. కోకిల మెట్లెక్కుతూ పోతుంది. ఒక రాత్రి 2:40కి తీతువు పిట్ట నిప్పుల మీద పడ్డట్టు అరిచింది. మా నాయనమ్మ వింటే అపశకునమని లేచి దీపం పెట్టేది. నేను టైము రాసుకున్నాను. నేల మీద గుడ్లు పెట్టే పిట్ట అది, కుక్కో పిల్లో దగ్గరికొస్తే గోల చేయక ఏం చేస్తుంది?

కూతని బట్టి పిట్టల పేర్లు చెప్పడానికి కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు జర్మనీలోని కెమ్నిట్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి చేసిన బర్డ్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. మంచి సాధనమే. కానీ మా గేటు కిర్రుమంటే దానికీ ఒక పిట్ట పేరు పెట్టేసింది! యంత్రం అనుమానం చెబుతుంది, తీర్పు చెవిదే.

ఈ విద్య విలువ తెలియాలంటే మన కలివికోడి కథ చూడాలి. 1848లో శాస్త్రం పేరు పెట్టిన పిట్ట. 1900 తర్వాత జాడ లేక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారికి మళ్ళీ దొరికింది. కలివి పొదల చాటున, రాత్రిపూట తిరిగే పిట్ట. కంటికి దొరకదు. పొద్దుగూకాక కాసేపు మాత్రం కూస్తుంది. తర్వాతి పరిశోధకులు దాని కూత టేపు వినిపించి, జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించేవారు. ఆ తర్వాత మళ్ళీ ఏళ్ళ తరబడి మౌనం. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఒక పక్షి పరిశీలకుల బృందానికి అది ఉందని తెలిసింది దాని గొంతు వల్లే. పాత కూతను ఎవరో రికార్డు చేసి దాచబట్టి కదా, కొత్త కూతను పోల్చుకోగలిగారు!

కంటికి దొరకనిది చెవికి దొరకడం సముద్రంలో మరీ నిజం. నీళ్ళలో చూపు కొన్ని గజాలే, ధ్వని మాత్రం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. సోవియట్ జలాంతర్గాముల కోసం అమెరికా నౌకాదళం సముద్రం అడుగున పరిచిన మైకుల్లో తిమింగలాలు కూడా వినిపించాయి. పెద్ద తిమింగలాలు మాట్లాడుకునే మంద్రస్థాయిలోనే ఓడల పంకాల హోరూ ఉంటుంది. విక్రాంత్ నౌకకి ఉక్కు ఇచ్చిన ఊళ్ళలో మాదీ ఒకటి. ఆ గర్వంతో పాటు, ఓడలు నీళ్ళలో ఎంత చప్పుడు చేస్తాయో వినే బాధ్యత కూడా మనదే అనిపిస్తుంది.

ఇలా వినడానికి ఒక మర్యాద ఉంది. రికార్డరు పిట్టల్నే కాదు, గోడవతల నడిచేవాళ్ళ మాటల్నీ పడుతుంది. మనుషుల గొంతు వినబడిన ముక్కని నేను చెరిపేస్తాను. అడవిలోనైనా, వీధిలోనైనా అది చేయాల్సిందే.

1959లో మా ప్లాంటు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన కొత్తలో, రాత్రిళ్ళు నక్కల ఊళలు క్వార్టర్ల దాకా వచ్చేవని నాన్న అనేవాడు. నమ్ముతాను. కానీ ఎన్ని నక్కలు, ఏ నెలలో, ఎప్పటి దాకా? ఆయన మాటని నా బొమ్మ పక్కన పెట్టి కొలవలేను. అందుకే ఒక మనవి. ఖరీదైన పరికరం అక్కర్లేదు. రేపు తెల్లవారుజామున మీ ఫోనుని డాబా మీద పెట్టి, పది నిమిషాలు రికార్డు చేయండి. ఊరు, తేదీ, టైము రాసి దాచండి. బాగున్నప్పుడు ఎలా ఉండేదో తెలిస్తేనే, పాడైంది తెలిసేది.