గట్టు మీద టైల్స్

ఈ వారం మకాం అహ్మదాబాద్‌లో, మేనల్లుడి ఇంట్లో. పొద్దున్నే వాకింగుకని సబర్మతి ఒడ్డుకు తీసుకెళ్లాడు. 2012లో జనానికి తెరిచిన బాట. ఒక్కో ఒడ్డున 11 కిలోమీటర్ల పైచిలుకు. గుంట లేదు, గతుకు లేదు, హారన్ మోత లేదు. 1892 నాటి ఎల్లిస్ బ్రిడ్జి కింద నుంచి హాయిగా నడుచుకుంటూ పోతుంటే నాకు ఒళ్లు మండింది.

ఎందుకో ఈ కాలమ్ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏటి ఒడ్డన్నాక మెట్లుండాలి, ఆఖరి మెట్టు ఎక్కడుందో కనపడకూడదు. నా పాత పాటే. ఇక్కడ అక్కడక్కడా రేవులున్నా చాలా దూరం నిట్టనిలువు గోడే. పైగా ఆ నీళ్లయినా సబర్మతివి కావు. నర్మద కాలువ నుంచి వదిలి, దిగువన వాస్నా బ్యారేజీ దగ్గర ఆపినవి. "చెరువు గట్టు మీద తిప్పుతున్నావురా" అన్నాను.

అదే మా రాజమండ్రిలోనైతేనా! ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులంటే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆ కబురు రేడియోలో రాగానే ఊరంతా గట్టెక్కేది. అధికారులది అడుగుల లెక్క, మాది మెట్ల లెక్క. పొద్దున బట్టలుతికిన మెట్టు మధ్యాహ్నానికి లేదని ఆడవాళ్లు చెప్పుకునేవారు. అసలు తమాషా వరద తీశాక. మెట్ల మీద బెత్తెడు ఒండ్రు. ఎండకు పైపొర అప్పడంలా పెళుసెక్కి అంచులు లేస్తుంది. ఎండిందని కాలేశామా, కింద పచ్చిగానే ఉండి జర్రున జారుతుంది. తెలిసినవాళ్లు పక్కకు తిరిగి, మడమ ముందు ఆనించి, ఒక్కో మెట్టే దిగుతారు. నడకంటే అదీ! టైల్స్ మీద పాదానికి పనేముంది?

ఇదంతా ఏకరువు పెడుతుంటే మేనల్లుడు అడ్డొచ్చాడు. "మావయ్యా, ఎండాకాలం మన రేవుల్లో నీళ్లెందుకుంటాయి? ధవళేశ్వరంలో ఆపబట్టే కదా?"

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ వేసవిలో రాజమండ్రి ముందున్నది ఆపిన నీరే. వాడు సివిల్ ఇంజనీరు, అంతటితో ఊరుకుంటాడా? "గట్టు మాత్రం దేవుడు పోశాడా?" అని కూడా అన్నాడు.

ఇక నోరు మూసుకుని నడిచాను. నిజం చెప్పొద్దూ, బాగుంది. మా గట్టు మీద వెనకా ముందూ బళ్లను తప్పుకోవడంతోనే సరిపోతుంది, గోదారి వంక చూసే తీరికెక్కడిది? ఇక్కడ పాదానికి పని తప్పింది గనకే కంటికి పని దొరికింది. నీళ్లు ఎవరివైతేనేం, అంతసేపు చూస్తూ నడిచాను.

2027లో గోదావరి పుష్కరాలు. టైల్స్ వేయక మానరు. వేయండి బాబూ, బళ్లు ఎక్కకుండా గట్టు పొడవునా వేయండి. మెట్లకు మాత్రం నునుపు రాయి వద్దు, గరుకుదే పరవండి. వరద తీసిన మర్నాడే పైపులు పెట్టి ఒండ్రు కడిగించండి. ఎండి బిగుసుకున్నాక పలుగులు, పారలు పట్టుకొస్తే మట్టితోపాటు రాయీ లేచొస్తుంది.